క్లారినెట్ శుభ్రపరిచే కిట్: గుడ్డ పనికొచ్చింది, పేచీ అంతా బ్రష్షుతోనే

ఆన్‌లైన్‌లో 650 రూపాయలకు తెప్పించుకున్న క్లారినెట్ శుభ్రపరిచే కిట్‌ను ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. ఇదే సరుకు రకరకాల ముద్రలతో అమ్ముడవుతున్నట్లు కనిపిస్తున్నందున పేరు చెప్పడం లేదు. పెట్టెలో దారానికి కట్టిన నీలం గుడ్డ, మౌత్‌పీస్ (నోట పెట్టుకొని ఊదే భాగం) బ్రష్షు, కార్కు గ్రీజు (భాగాలు కలిసేచోట ఉండే కార్కుకు పూసేది), పసుపురంగు తుడుపుగుడ్డ, చిన్న స్క్రూడ్రైవరు ఉంటే అది ఇదే అయినా కావచ్చు, దీని తోబుట్టువైనా కావచ్చు. నేను కొన్నది ముఖ్యంగా మౌత్‌పీస్ కోసం కాబట్టి ఎక్కువగా దాని సంగతే రాస్తాను.

నా మౌత్‌పీస్ వాండొరెన్ కంపెనీవారి బి45 రకం. ఎబొనైట్‌తో, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుతో చేసినది. దాని కొనకూ, ఊదితే కంపించే పలుచని రెల్లు ముక్క అయిన రీడు కొనకూ మధ్య సందు 1.195 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ సందు ఎంత ఉంది, అక్కడి నుంచి రీడు ఆనుకునే అంచులు ఏ వంపులో వెనక్కి సాగాయి అన్న వాటిని బట్టే నాదం పలుకుతుంది గనుక, ఆ అంచుల మీద పడిన సన్నని గీత కూడా పలుకును పాడుచేయగలదు. కాబట్టి ఇలాంటి సాధనాన్ని చూసేటప్పుడు అది మురికిని ఎంత వదిలించిందన్నది తరువాతి మాట, ఆ అంచుల జోలికి ఎంత తక్కువగా వెళ్ళిందన్నదే మొదట చూడవలసిన విషయమని నా అభిప్రాయం.

గుడ్డ తొలి వారం నన్ను నిరాశపరిచింది. గంజి వదలని కొత్త నూలుబట్ట కావడంతో తడిని పీల్చకుండా అటూ ఇటూ పులమడమే చేసింది. రెండుసార్లు ఉతికి, బకెట్టులోకి దిగిన నీలిరంగును పారబోశాక మాత్రం బాగా పనిచేస్తోంది. అయితే మౌత్‌పీస్ బిగించి ఉండగానే దారాన్ని అందులోంచి బయటికి లాగమని సూచనపత్రంలో బొమ్మ వేశారు. దీన్ని పాటించవద్దు. దారం చివరనున్న బరువు కొనకు తగిలితే పెచ్చు ఊడే ప్రమాదం ఉంది, రోజూ గుడ్డ ఒరుసుకుంటూ పోతే ఏళ్ళ తరబడి ఆ అంచులు అరగకుండా ఉండవు. నేను ముందు రీడును, దాన్ని బిగించి ఉంచే పట్టీ అయిన లిగేచర్‌ను తీసి, మౌత్‌పీస్‌ను విడదీసి, గుడ్డ మూలను మెలిపెట్టి కింది రంధ్రంలోంచి లోపలికి పోనిచ్చి తుడుస్తాను. కొన దగ్గర రుద్దకుండా తడిని అద్ది తీస్తాను. గుడ్డను లాగడం వాయిద్యం ఒంటికే పరిమితం.

బ్రష్షు గురించి మంచిమాట చెప్పడం కష్టం. కుచ్చు మెత్తటి నైలానే గాని, దాన్ని పట్టి ఉంచిన మెలితిప్పిన తీగ చివర కత్తిరించినది కత్తిరించినట్లే బయటికి పొడుచుకొని ఉంది. కింది నుంచి దూర్చినప్పుడు ఆ మొన సరిగ్గా కొన వెనుక ఉండే ఏటవాలు గోడను గీరుతుంది. దాని మీద జిగురుబొట్టు పెట్టి చూశాను, నెల తిరగకుండానే ఊడిపోయింది. చివరికి పసిపిల్లల పాలసీసా పీకను కడిగే చిన్న బ్రష్షు, కొనన స్పాంజి ఉన్నది, మందుల దుకాణంలో 40 రూపాయలకు కొన్నాను. కిట్ తయారుచేసినవారు ఆలోచించనిది పాలసీసాల వారు ఆలోచించారు!

పసుపుగుడ్డను అన్నిటికీ వాడవచ్చని పెట్టె మీద రాశారు. ముట్టుకుంటే చేతికి అంటుకునే పొడిని బట్టి, వెండిపూతకు మెరుపు తెచ్చే మందు దానిలో కలిపారని తెలుస్తుంది. వాయిద్యం మీది లోహపు మీటలకు సరే గాని, నోట పెట్టుకొనే వస్తువు దగ్గరికి దాన్ని రానివ్వకూడదు.

అన్నిటికన్నా పెద్ద లోటు, లాలాజలంలోని సున్నం పేరుకొని గట్టిపడే తెల్లని పొరకు ఈ పెట్టెలో ఏ మందూ లేకపోవడం. మౌత్‌పీస్‌ను వేధించే అసలు మురికి అదే. ఆ పని వంటింటి తెల్ల వెనిగరే చేస్తోంది. సగం వెనిగర్, సగం చల్లని నీళ్ళు చిన్న గ్లాసులో పోసి, కార్కు తడవకుండా కొనవైపు మాత్రమే పది నిమిషాలు మునిగేలా నిలబెడితే పొర మెత్తబడి బ్రష్షుకు వచ్చేస్తుంది. మొండికేస్తే గోటితోనో పిన్నుతోనో గీకకుండా మర్నాడు మళ్ళీ నానబెట్టడమే మేలు. మా ఇంటి బోరునీళ్ళు ఆరితే వాటి మచ్చలే మిగులుతాయి కాబట్టి చివరి కడుగు తాగే నీళ్ళతో కడుగుతాను. వారానికొకసారి గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బుద్రవంతో కడిగితే ఆ పొర అంత దూరం రాదు. ఊరేగింపులో టీ గుక్కెడు తాగి వెంటనే ఊదక తప్పని బ్యాండు కళాకారులకు ఆ వారం గడువు కూడా ఎక్కువే.

సూచనపత్రం వేడినీళ్ళ గురించీ, ఎండ గురించీ ఒక్క మాటైనా చెప్పలేదు. కడిగినదాన్నల్లా ఎండకు పెట్టే మన అలవాటు కొద్దీ నా పాత మౌత్‌పీస్‌ను మేడ మీద ఆరబెట్టేవాణ్ణి. ఎబొనైట్‌లోని గంధకం వెలుతురుకూ గాలికీ మార్పు చెందడం వల్ల నల్లటి వస్తువు పాచిరంగుకు తిరిగి, నోట్లో చేదు రుచి మొదలైంది. వేడినీళ్ళు ఆ పనిని ఇంకా తొందరగా చేస్తాయి, అంచుల వంపును కూడా మార్చగలవు. నీడలో, గాలి తగిలేచోట మెత్తని బట్ట మీద ఆరనిస్తే చాలు.

కార్కు గ్రీజు బాగుంది, ఎండాకాలంలోనూ కారలేదు. స్క్రూడ్రైవరు మొన మొదటి స్క్రూ తిప్పేసరికే మడతపడింది. ఇలాంటి గుడ్డ విడిగా 250 రూపాయలకు దొరుకుతోంది కాబట్టి, ఈసారి దాన్నీ ఒక గ్రీజు డబ్బానూ మాత్రమే కొంటాను. పాలసీసా బ్రష్షు ఎలాగూ ఉంది.