దేశానికి మేలు చేసేది సభలా, నీతిగల పనా?

అనంతపురం క్రైస్తవ కుటుంబాల్లో ఈ చర్చ తెగదు. దేశం బాగుపడాలంటే ఉపవాస ప్రార్థనలు, బహిరంగ సభలు ముఖ్యమా? ఎవరి పనిలో వారు నీతిగా ఉండటమా?

మొదటి దారికి బైబిలు వాక్యాధారం ఉంది. పాలకుల కోసం ప్రార్థించమని అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు. సభలో పదిమంది ఒక్కటై ధైర్యం తెచ్చుకుంటారు. (మైకు అర్ధరాత్రి దాకా మోగితే మాత్రం పొరుగువాడికి అది సువార్త కాదు.)

రెండో దారి మరింత నిర్దిష్టం. లూకా సువార్త 3వ అధ్యాయంలో తామేమి చేయాలని సుంకరులు (పన్ను వసూలుదారులు) అడిగితే, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు బాప్తిస్మమిచ్చే యోహాను. సైనికులకైతే ఎవరినీ బెదిరించి గుంజుకోకుండా జీతంతో తృప్తి పడమన్నాడు. దీన్ని తహసీల్దారు కార్యాలయానికి, వేరుశనగ తూకానికి, కాంట్రాక్టరు బిల్లుకు అన్వయించడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. అదే సువార్తలో జక్కయ్య అనే సుంకరి అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అలాంటి పశ్చాత్తాపం మన దగ్గర అరుదు.

జిల్లాకు తెలిసిన ఉదాహరణ స్పెయిన్ దేశస్థుడైన మిషనరీ విన్సెంట్ ఫెర్రర్. 1969లో ఇక్కడికి వచ్చారు, తర్వాత జెస్యూట్ అనే కాథలిక్ గురువుల సంఘాన్ని వీడారు, 2009లో మరణించేవరకు కరవు పల్లెల కోసమే పనిచేశారు. ఆయన సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రికి అన్ని మతాలవారూ వెళ్తారు.

నా మొగ్గు రెండోదానివైపే. అయితే లంచాల కార్యాలయంలో ఒక్కడే నిలబడిన గుమాస్తాకు వారం వారం కలిసి ప్రార్థించే నలుగురు కావాలి. ఆ ఒక్క విషయంలో మొదటి దారికే నా ఓటు.