మొదటి రెజ్యూమే: సీనియర్ ఫైలా, కాన్వానా, ఖాళీ పేజీనా? ఏది మేలు?

డిగ్రీ పిల్లలు ఆఖరి సంవత్సరంలోకి వచ్చారంటే చాలు, నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "సార్, మా సీనియర్ రెజ్యూమే నా దగ్గరుంది. పేరు మార్చి వాడుకోవచ్చా? లేకపోతే రెడీమేడ్ డిజైన్లు దొరికే కాన్వా యాప్‌లో కొత్తది చేసుకోమంటారా?" తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను కాబట్టి నన్ను అడుగుతారు. మొన్న చిత్తూరు నుంచి మా చిన్నాన్న కూతురు కూడా ఇదే అడిగింది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. రెజ్యూమేలో ఏ హెడ్డింగులు ఉంటాయో మీకు తెలిసిందే, దాని జోలికి పోను.

ముందు సీనియర్ ఫైల్ సంగతి. దాన్ని తీసిపారేయడానికి లేదు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఏది పైన రావాలి, ఏది కింద రావాలి అన్న తికమక ఉండదు. అన్నిటికంటే, ఆ ఫైల్‌తో మనకు తెలిసినవాళ్లకు ఉద్యోగం వచ్చిందనే ధైర్యం ఒకటి ఉంటుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఆ ధైర్యం చిన్న విషయమేమీ కాదు.

కానీ ఆ ఫైల్ మీ సీనియర్ రాసుకున్నది కూడా కాదు. అతనికి వాళ్ల సీనియర్ ఇచ్చాడు. నాలుగైదు బ్యాచ్‌లు చేతులు మారి వస్తుంది. పోయినేడు ఒక అబ్బాయి ప్రింట్ తీసే ముందు నాకు చూపించాడు. కింద డిక్లరేషన్‌లో ఊరు హైదరాబాద్ అని ఉంది, తేదీ రెండేళ్ల కిందటిది. అబ్బాయిది పాకాల. పీడీఎఫ్ తెరిస్తే పైన ట్యాబ్‌లో సీనియర్ పేరే కనిపిస్తోంది. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో టైటిల్ అలాగే ఉండిపోతే ఇలా అవుతుంది. ఇవన్నీ సరిచేసుకోవచ్చు. సరిచేయలేనిది లోపలి మాటలు. 'సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను సంస్థ అభివృద్ధికి వినియోగించడం' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ ఆబ్జెక్టివ్ మా కాలేజీలో కనీసం సగం మంది రెజ్యూమేల్లో ఉంటుంది. జాబ్‌మేళాలో ఒకే కాలేజీ నుంచి ముప్పై మంది వరుసగా నిలబడి అదే వాక్యం ఇస్తే, టేబుల్ అవతలి మనిషి రెండో కాగితం నుంచే దాన్ని చదవడం మానేస్తారు.

కాన్వా విషయానికి వద్దాం. ల్యాప్‌టాప్ లేని పిల్లలకు ఇది నిజంగా మేలు చేసింది. ఫోన్‌లోనే, డబ్బులు పెట్టకుండా, చూడముచ్చటైన పేజీ తయారవుతుంది. డిజైన్, వీడియో ఎడిటింగ్, ఈవెంట్ల పనికి వెళ్లేవాళ్లకు పేజీ అందం కూడా అర్హతే. వాళ్లు కాన్వాలో చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

మిగతావాళ్లకు రెండు చిక్కులు. మొదటిది జిరాక్స్. మన దగ్గర జాబ్‌మేళాకైనా, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వాకిన్ (నేరుగా వెళ్లి ఇచ్చే) ఇంటర్వ్యూకైనా పది కాపీలు పట్టుకుని వెళ్తాం. కలర్ ప్రింట్ ఒకటి తీసి, మిగతావి బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ కొట్టిస్తాం. ఎడమవైపు ముదురు నీలం పట్టీ, దాని మీద తెల్ల అక్షరాల్లో ఫోన్ నంబర్, మెయిల్ ఉన్న ఒక కాపీ నా టేబుల్ మీద ఇంకా ఉంది. జిరాక్స్‌లో ఆ పట్టీ మొత్తం నల్లగా అలుక్కుపోయింది. నంబర్‌లో చివరి నాలుగు అంకెలు కళ్లు చిట్లించినా కనపడవు. పేజీ అంతా చక్కగా ఉండి, పిలవడానికి కావాల్సిన నంబర్ ఒక్కటే పోయింది.

రెండోది మీరే పరీక్షించుకోవచ్చు. పీడీఎఫ్‌ని కంప్యూటర్‌లో తెరిచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పెద్ద కంపెనీల్లో చాలాచోట్ల మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. దానికి అందేది దాదాపు అదే. మొన్న ల్యాబ్‌లో ఒకమ్మాయి ఫైల్ ఇలా పేస్ట్ చేశాం. రెండు కాలమ్‌లు కలగలిసి, ఇంటర్ మార్కుల పక్కన హాబీలు, వాటి కింద మెయిల్ సగం వచ్చాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు 'ఫ్లాటెన్' ఆప్షన్ టిక్ చేసిన ఇంకో అబ్బాయి ఫైల్‌లో అసలు ఒక్క అక్షరమూ రాలేదు, పేజీ మొత్తం బొమ్మగా మారిపోయింది.

వీటికి కూడా మందు ఉంది. ఒకే కాలమ్ ఉన్న తెల్లటి టెంప్లేట్ ఎంచుకుంటే కాన్వాలో ఈ తలనొప్పులు చాలావరకు పోతాయి. కాబట్టి జిరాక్స్, సాఫ్ట్‌వేర్ కారణంగా నేను కాన్వా వద్దనడం లేదు. నాకు అంతకంటే పెద్ద విషయం వేరే ఉంది.

రెజ్యూమేలో ఉన్న ప్రతి లైన్ మీదా మీరు రెండు నిమిషాలు మాట్లాడగలరా? నా లెక్కలో తేల్చేది ఇదొక్కటే. ఫ్రెషర్‌ని ఇంటర్వ్యూ చేసేవాళ్ల దగ్గర మీ గురించి ఆ కాగితం తప్ప ఇంకేమీ ఉండదు. కాబట్టి ప్రశ్నలు దాంట్లోంచే వస్తాయి. మీరు రాసిన లైన్ అయితే మీ దగ్గర జవాబు ఉంటుంది. సీనియర్ ఫైల్ రెడీమేడ్ మాటలు చేతిలో పెడుతుంది. కాన్వా బాక్సు రెండు లైన్లే పడతాయంటుంది, పక్కనే 'పైథాన్ 80 శాతం' అని గీత గీయమంటుంది. 80 శాతం అంటే ఎంత అని అడిగితే ఏం చెబుతాం? ఖాళీ పేజీ మాత్రమే 'నువ్వేం చేశావు?' అని అడిగి ఊరుకుంటుంది. అందుకే నా ఓటు దానికే. వర్డ్ కానివ్వండి, ఫోన్‌లో గూగుల్ డాక్స్ కానివ్వండి. ఒకే కాలమ్, తెల్ల కాగితం, నల్ల అక్షరాలు.

"రాయడానికి నా దగ్గర ఏమీ లేదు సార్" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. పుత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చే బీకాం అమ్మాయి ఒకతె ఇలాగే అంది. తన సీనియర్ ఫైల్‌లో 'కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ పూర్తి చేశాను' అని ఒక్క లైన్ ఉంటే తనూ అదే పెట్టుకుంది. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు మొదటి సంవత్సరం తర్వాత ఈ ప్రాజెక్ట్ 180 గంటలు చేయాలి, లాగ్‌బుక్ రాయాలి. అంత పని ఒక్క లైన్‌లో ఎలా పడుతుంది?

"ఆ 180 గంటలూ ఏం చేశావమ్మా?" అన్నాను.

"మా ఊళ్లో 64 ఇళ్లు తిరిగాను సార్. తాగడానికి నీళ్లు ఎక్కడ తెచ్చుకుంటున్నారు, క్యాన్లకు నెలకి ఎంతవుతోంది అని రాసుకున్నా."

"అందరూ చెప్పారా?"

"పగలు కూలికి పోయుంటారు కదా సార్, చాలా ఇళ్లకు తాళాలు. సాయంత్రం మళ్లీ పోయేదాన్ని. ఒక అవ్వ అయితే మూడోసారి పోతేగానీ చెప్పలేదు."

"లెక్కలు ఎక్కడున్నాయి?"

"ఎక్సెల్‌లో ఎక్కించాను. అవ్వాతాతలు మాత్రమే ఉండే ఇళ్లకు వేరుగా తీశా."

బ్యాగులోంచి లాగ్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. అట్ట నలిగిపోయి ఉంది, పేజీ అంచున ఇంటి నంబర్లు, వాటి పక్కన టిక్కులు, కొన్నిటి పక్కన 'సాయంత్రం' అని రాసుంది. అరగంట కూర్చుని ఆ అమ్మాయి చెప్పినదాన్నే ఇంగ్లిష్‌లో మూడు లైన్లు చేశాం. ఎన్ని ఇళ్లు, ఏం అడిగింది, దొరకనివాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లడం, ఎక్సెల్‌లో ఏం తేల్చింది. అవి రాశాక 'హార్డ్ వర్కింగ్', 'టీమ్ ప్లేయర్' తనే కొట్టేసింది. తర్వాత చెన్నైలో ఒక ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి ప్రశ్న ఆ 64 ఇళ్ల మీదే వచ్చిందట. ఇంగ్లిష్ తడబడినా చెప్పడం మాత్రం ఆపలేదంది. తను చేసిన పనే కదా, ఎందుకు ఆగుతుంది?

ఇలాంటివి మన చుట్టూ బోలెడు. తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్లి క్యూలైన్ల దగ్గర భక్తులకు దారి చూపినవాళ్లున్నారు. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో ముప్పై మందికి భోజనాల లెక్క చూసినవాళ్లున్నారు. దామలచెరువు మామిడి మండీలో సీజన్ మొత్తం తూకం చీటీలు రాసిన అబ్బాయి మా క్లాసులోనే ఉన్నాడు. ఏ బండిలో ఎన్ని కిలోలు, ఎవరికి ఎంత ఇవ్వాలి అని రోజూ రాత్రికి లెక్క సరిపెట్టేవాడు. అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్తూ అది రాయకుండా, ఎప్పుడూ ఆడని చెస్ హాబీగా పెట్టాడు. ఇంటి పని, సీజన్ పని రాస్తే చిన్నతనం అనుకుంటారు పిల్లలు. ఆ భావన పోవాలని నాకు చాలా ఉంది.

ఖాళీ పేజీకి కష్టాలు లేవని కాదు. రెండు సాయంత్రాలు పడుతుంది. ఫోన్‌లో అలైన్‌మెంట్ కదిలిపోతుంది, స్పేస్‌బార్‌తో జరపకండి, చివరకి పీడీఎఫ్ చేసే పంపండి. ఇంగ్లిష్ తప్పులు వస్తాయి, మీ ఇంగ్లిష్ లెక్చరర్‌కి చూపించండి. చాట్‌జీపీటీని వాడుకున్నా తప్పులేదు, కానీ మీ పాయింట్లు మీరు రాసి, భాష మాత్రం దిద్దమని అడగండి. 'ఫ్రెషర్‌కి రెజ్యూమే రాసివ్వు' అంటే మళ్లీ సీనియర్ ఫైల్ మాటలే వస్తాయి.

మిగతా దారులు చెప్పాలంటే, ఓవర్‌లీఫ్ (కోడ్‌లా టైప్ చేసి పీడీఎఫ్ తయారుచేసే వెబ్‌సైట్) ముందే వచ్చుంటే సరే, దీనికోసం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. లింక్డ్‌ఇన్ నుంచి దించుకునే పీడీఎఫ్ మొదటి ఉద్యోగానికి అంత పనికిరాదు. డీటీపీ షాపులో చేయిస్తే ఫైల్ మీ మెయిల్‌కి పంపించుకోవడం మరచిపోవద్దు.

ఏ దారిలో చేసినా ఒక పేజీ దాటొద్దు. ఆధార్ నంబర్, కులం, మతం, పెళ్లి వివరాలు వద్దు. అవి ఇంట్లో పెళ్లి బయోడేటాకి. ఫొటో అడిగితేనే పెట్టండి. 'ఎస్వీయూ' అంటే మనకు తెలుసు, బెంగళూరులో చదివే మనిషికి తెలియకపోవచ్చు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, తిరుపతి అని ఇంగ్లిష్‌లో పూర్తిగా రాయండి. సీనియర్ ఫైల్ ఉంటే హెడ్డింగుల వరుస కోసం ఒకసారి చూసి మూసేయండి. తెరిచిపెట్టుకుని రాస్తే చేయి దానివైపే పోతుంది.

చిత్తూరులో ఉన్న మా చిన్నాన్న కూతురికి కూడా ఇదే చెప్పాను. ముందు ఫోన్ పక్కన పెట్టి, మూడేళ్లలో చేసిన పనులన్నీ కాగితం మీద తెలుగులోనే రాయమన్నాను. నిన్న రాత్రి ఫొటో పంపింది. పదకొండు లైన్లున్నాయి, నాలుగు కొట్టేసి మళ్లీ రాసింది. వీధిలో ఆరుగురు పిల్లలకు రెండేళ్లుగా ట్యూషన్ చెబుతున్న సంగతి ఎనిమిదో లైన్‌లో ఉంది, దాన్ని పైకి తెమ్మన్నాను. ఆదివారం గూగుల్ డాక్స్‌లో ఎక్కిస్తానంది. ఫోన్ నంబర్ కింద ఫాదర్స్ నేమ్ ఇంకా ఉంది, అది తీసేయమని చెప్పాలి.