బొకేనా, విడి ఛానళ్లా? టీవీ బిల్లు పెరిగేది ఎక్కడ

కేబుల్ తీసేసి డీటీహెచ్ పెట్టించుకుంటే బిల్లు తగ్గుతుందా అని చాలామంది అడుగుతున్నారు. కేబుల్‌వాళ్లు ఉన్నారు, నాలుగు డీటీహెచ్ కంపెనీలున్నాయి, అయినా ధర పెరుగుతూనే ఉందేమిటన్నది దాని వెనకే వచ్చే ప్రశ్న. రెండింటికీ జవాబు ఒకటే. పోటీ పడుతున్నది ఛానల్‌ని ఇంటిదాకా తెచ్చేవాళ్లు, ధర పెట్టేది ఛానల్ నడిపేవాళ్లు.

2017 మార్చిలో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వు 2019 ఫిబ్రవరికి ఇళ్లదాకా వచ్చింది. దాని ప్రకారం పే ఛానల్ (డబ్బు కట్టి చూసే ఛానల్) ఎమ్మార్పీని బ్రాడ్‌కాస్టరే, అంటే ఛానల్ నడిపేవాడే, ప్రకటిస్తాడు, అది కేబుల్‌కైనా డీటీహెచ్‌కైనా ఒక్కటే. పంపిణీదారుకి, అంటే కేబుల్ లేదా డీటీహెచ్ ఆపరేటర్‌కి, అందులో కనీసం 20 శాతం ఇవ్వాలి, ఇంకో 15 శాతం దాకా డిస్కౌంటు ఇవ్వవచ్చు. 19 రూపాయల ఛానల్ అనుకోండి. పంపిణీదారు చేతిలో మిగిలేది ఎంత ఎక్కువైనా 6.65, మిగతా 12.35 బ్రాడ్‌కాస్టర్‌కి వెళ్లిపోతుంది. ఆపరేటర్లు ఒకరితో ఒకరు పోటీపడి తగ్గించినా ఆ 6.65లోనో, కనెక్షన్‌కి విడిగా తీసుకునే నెట్‌వర్క్ ఫీజులోనో తగ్గించాలి. ఇక బ్రాడ్‌కాస్టర్ల సంగతికొస్తే, రోజూ చూసే సీరియల్ ఒక ఛానల్లో వస్తుంటే ధర తక్కువని పక్క ఛానల్‌తో ఎవరూ సరిపెట్టుకోరు. అందుకే వాళ్లు ధర తగ్గించి పోటీపడరు, హక్కులు కొనడంలో పడతారు. ఐపీఎల్ హక్కులు 2018-22కి 16,347.5 కోట్ల రూపాయలకు పోతే, 2023-27కి టీవీ, డిజిటల్ అన్నీ కలిపి 48,390 కోట్లకు పోయాయి. ఆ డబ్బు ప్రకటనల నుంచి కొంత, చందాల నుంచి కొంత రావాల్సిందే.

కాబట్టి అసలు తేల్చుకోవాల్సింది బొకేనా (బ్రాడ్‌కాస్టర్ కొన్ని ఛానళ్లు కలిపి ఒకే ధరకు ఇచ్చే ప్యాక్), విడి ఛానళ్లా అన్నది.

2023 ఫిబ్రవరి నుంచి అమలైన నిబంధన ప్రకారం 19 రూపాయలు దాటిన ఛానల్‌ని బొకేలో పెట్టకూడదు. విడి ధరల మొత్తం మీద బొకే డిస్కౌంటు 45 శాతం మించకూడదు. లెక్క కోసం ఊహించిన ధరలతో ఒక బొకే చూద్దాం. సీరియళ్ల ఛానల్ 19, సినిమాలది 10, రెండో సినిమా ఛానల్ 6, పిల్లలది 3, పాటలది 2. మొత్తం 40, పూర్తి డిస్కౌంటుతో బొకే 22. మీరు చూసేది సీరియళ్ల ఛానల్ ఒక్కటే అయితే విడిగా 19, మూడు రూపాయలు మిగులు. సినిమాల ఛానల్ కూడా కావాలంటే విడిగా 29, అప్పుడు బొకేనే చవక.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. వచ్చే ఏడు ఏం జరుగుతుందో కూడా చూడాలి. సీరియళ్ల ఛానల్ 19 దగ్గరే ఉంటుంది, దాటితే బొకేలోంచి తీసేయాలి కనుక. పెరిగేవి చిన్నవి. 10 కాస్తా 12, 6 కాస్తా 9, 3 కాస్తా 5, 2 కాస్తా 3 అయ్యాయనుకోండి. మొత్తం 48, డిస్కౌంటు పోగా 26.40. మీరు చూసే పెద్ద ఛానల్ ధర పైసా కదల్లేదు, బొకే మాత్రం 20 శాతం పెరిగింది. విడిగా తీసుకున్నవాళ్లు ఇప్పటికీ 19 కడుతున్నారు. బిల్లు ఇలాగే, రెండేసి మూడేసి రూపాయలుగా, మనం పెట్టని ఛానళ్ల మీద పెరుగుతుంది. అందుకే ఈ ఏడాదికి బొకే రెండు రూపాయలు చవకైనా నా మొగ్గు విడి ఛానళ్ల వైపే.

నెట్‌వర్క్ ఫీజు, అంటే ఎన్‌సీఎఫ్, మొదట 100 ఛానళ్లకు 130 రూపాయలు మించకూడదన్నారు, తరవాత అదే 130కి 200 ఛానళ్లన్నారు. 2024 జులైలో ఆ పరిమితే ఎత్తేశారు. ఇప్పుడు కేబుల్‌కీ డీటీహెచ్‌కీ తేడా కనిపించేది ఇక్కడే, కాబట్టి ఆ ఒక్క అంకె అడిగి పోల్చండి. డీటీహెచ్ చందాదారులు ఒకప్పుడు 7 కోట్ల దాకా ఉండేవారు, 2025కి 6 కోట్ల లోపుకి దిగారు. ఉపగ్రహంలో సిగ్నల్ అందుకుని తిరిగి పంపే పరికరం, ట్రాన్స్‌పాండర్, అద్దె మాత్రం ఎన్ని ఇళ్లున్నా అంతే కట్టాలి, ఆ భారం మిగిలినవాళ్ల మీద పడుతుంది. మారదామంటే పెట్టె అడ్డం. ఒక కంపెనీ సెట్‌టాప్ బాక్సు ఇంకో కంపెనీ సిగ్నల్‌ని విప్పలేదు, కొత్త బాక్సు ఖర్చు తప్పదు. అన్ని కంపెనీలకూ పనికొచ్చే బాక్సు ఉండాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేసినా ఇళ్లలో పరిస్థితి మారలేదు. పెద్ద వానకి డీటీహెచ్ సిగ్నల్ పోతుంది, వీధిలో యాంప్లిఫయర్‌కి కరెంటు పోతే కేబుల్ ఆగుతుంది. ఈ రెండూ సమానమే.

దూరదర్శన్ వాళ్ల ఉచిత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్‌కి నెలవారీ ఖర్చు లేదు. యాదగిరి, సప్తగిరి, వార్తలు చాలనుకునే ఇంటికి అది మేలు, తెలుగు సీరియళ్లు కావాలంటే మీ ఛానల్ అందులో వస్తుందో లేదో ముందు చూసుకోండి. ఓటీటీ అయితే బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కూడా కలిపి లెక్కేయండి.

విడి ఛానళ్లకు మారేముందు వారం రోజులపాటు ఇంట్లో ఎవరు ఏ ఛానల్ పెట్టారో కాగితం మీద రాయండి. వాటిలో పే ఛానళ్లేవో చూడండి. వార్తా ఛానళ్లు చాలావరకు ఫ్రీ టు ఎయిరే, వాటికి విడిగా కట్టక్కర్లేదు. ఒక్కో బ్రాడ్‌కాస్టర్ ఛానళ్ల ఎమ్మార్పీ విడిగా కూడి ఆ బొకే ధర పక్కన పెట్టండి, ఎక్కడ విడి మొత్తం బొకేని బాగా దాటిందో అక్కడ మాత్రం బొకే ఉంచండి. ఉదాహరణకు 19 చొప్పున నాలుగు ఛానళ్లు, 130 ఎన్‌సీఎఫ్ అయితే 206, 18 శాతం జీఎస్టీతో 243.08. ఆపరేటర్ అన్నీ కలిపి ఒకే అంకె చెబితే ఎన్‌సీఎఫ్, ఛానళ్లు, పన్ను వేరువేరుగా రాసిన బిల్లు అడగండి. పాత ప్యాక్ తీయించకుండా విడి ఛానళ్లు చేర్చితే ఒకే ఛానల్‌కి రెండుసార్లు కట్టే ప్రమాదం ఉంది, తీసివేత ముందు, చేర్పు తరవాత. క్రీడల ఛానల్ మాత్రం ఎప్పుడూ విడిగానే, సీజన్ ఉన్న నెలలకే తీసుకోండి. కనీసం ఇన్ని నెలలు ఉంచాలన్న షరతు ఉందేమో చేర్చేముందే అడగండి.