నాలుగేళ్లు సయామీస్‌ పిల్లితో: ఇస్త్రీ మచ్చ కథ

మా ఇంటికి సయామీస్ పిల్లి వచ్చి నాలుగేళ్లు దాటింది. నీలం కళ్లు, నల్ల మూతి, సన్నటి ఒళ్లు, ఇవన్నీ అందరూ ఫొటోల్లో చూసినవే కాబట్టి మళ్లీ రాయను. నేను చెప్పాలనుకుంటోంది ఒక్క రంగు గురించే. కొనేటప్పుడు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పుంటే డాక్టరు గారి దగ్గర నా పరువు పోయేది కాదు.

దాని పేరు మిరియం. హైదరాబాద్‌లో పెంచి అమ్మే ఒకాయన దగ్గర తీసుకున్నాం, అప్పటికి పది వారాల పిల్ల. ఒళ్లంతా వెన్నముద్దలా తెల్లగా, చెవుల చివర్లకి మాత్రం మిరియాల పొడి అద్దినట్టు ఉండేది. కార్లో సూర్యాపేట దాటేదాకా ఒకటే అరుపు, నందిగామ దగ్గర మావారి ఒళ్లో నిద్రపోయింది, అప్పట్నుంచీ అది ఆయన మనిషే, నేను అన్నం పెట్టేదాన్ని అంతే. తోక చివర చిన్న వంకర ఉందని అమ్మినాయన రెండు వేలు తగ్గించాడు. తర్వాత చదివితే తెలిసింది, పాతకాలం సయామీస్‌లకి ఈ వంకర తోక, మెల్లకన్ను మామూలేనంట, పోటీల్లో వాటిని తప్పు కింద లెక్కేయడం మొదలుపెట్టాక పెంచేవాళ్లు అలాంటివాటిని తగ్గించుకుంటూ వచ్చారు. దీని మీద ఈ జాతి పుట్టిన థాయ్‌లాండ్‌లో ఒక కథ కూడా ఉంది. రాజకుమారి స్నానానికి వెళ్తూ ఉంగరాలు పిల్లి తోకకి తొడిగేదంట, అవి జారిపోకుండా పిల్లి తోక చివర వంచి పట్టుకునేదంట, అదలాగే ఉండిపోయిందంట. మా అత్తయ్య ఈ కథ విని తన ఉంగరం తీసి తొడిగి చూసింది, మిరియం ఒక్క విదిలింపు విదిలించింది, ఉంగరం టీవీ స్టాండు కింద దొరికింది, చీపురుతో లాగాల్సొచ్చింది.

సరే, అసలు సంగతికొస్తా. ఏడో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, డిసెంబర్‌లో. ఎడమ డొక్క దగ్గర అగ్గిపెట్టెకి రెండింతల మేర జుట్టు నున్నగా గీసి కోత పెట్టారు. కుట్లు బాగానే మానాయి, చీము లేదు ఏం లేదు, మెడకి కట్టిన గరాటా కూడా తీసేశాం. జుట్టు మళ్లీ మొలవడం మొదలైంది, చూస్తే అది డికాషన్ రంగులో వస్తోంది! చుట్టూ ఒళ్లంతా మీగడ రంగు, మధ్యలో కొలిచి గీసినట్టు నాలుగు మూలల ముదురు మచ్చ. అత్తయ్య చూసి "దీనికి ఇస్త్రీ పెట్టె పెట్టిందెవరే?" అంది. నిజంగా అచ్చం అలాగే ఉంది. మా వాడు నేను కాదు నేను కాదు అని ముందే ఏడుపు లంకించుకున్నాడు, వాడికప్పుడు ఆరేళ్లు, పాపం వాణ్ణి రెండు రోజులు అనుమానించాం.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఆపరేషన్ అయ్యాక మత్తులో ఉన్నప్పుడు చలి పట్టకుండా కింద హీటర్ ప్యాడ్ పెట్టారు కదా అని. అంతే, వీళ్లే కాల్చారు, కాల్చి చెప్పకుండా పంపించారు అని ఫిక్సయిపోయా. ఫోన్లో ఆరు ఫొటోలు తీసి, పిల్లిని బుట్టలో పెట్టి, స్కూటీ ముందు పెట్టుకుని బయల్దేరా. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర అది మొదలెట్టింది. సయామీస్ అరుపు మియావ్ కాదండి, చంటిపిల్ల ఏడుపు, అదీ కడుపునొప్పితో ఏడ్చే ఏడుపు. పక్కన ఆటో ఆయన "పాపని బుట్టలో పెట్టావేంటమ్మా" అని గట్టిగా అరిచాడు. మూత తీసి చూపిస్తే గానీ ఊరుకోలేదు.

క్లినిక్‌లో పది మంది ఉన్నారు, కుక్కలతో, కుందేలుతో. అందరి ముందూ "మీరు మా పిల్లిని కాల్చారు" అనేశా. డాక్టరు గారు మచ్చ ఒకసారి చూసి, కోపం కూడా తెచ్చుకోకుండా, నా వేలు తీసుకెళ్లి దాని చెవి మీద పెట్టించారు. చల్లగా ఉంది. తర్వాత కడుపు కింద పెట్టించారు, వెచ్చగా ఉంది. "అమ్మా, మరీ వేడి పాలల్లో తోడేస్తే పెరుగు తోడుకుంటుందా?" అన్నారు. తోడుకోదు. "దీని రంగూ అంతేనమ్మా" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. జుట్టుకి రంగు తయారుచేసే ఎంజైమ్ ఈ జాతిలో కాస్త లోపంతో పుడుతుంది, ఒంటి వేడికి అది పనిచేయలేదు. పిల్లి ఒళ్లు 38, 39 డిగ్రీలుంటుంది కాబట్టి వీపూ డొక్కా తెల్లగా ఉండిపోతాయి. చెవులు, మూతి, పాదాలు, తోక కొంచెం చల్లగా ఉంటాయి, అక్కడ మాత్రమే పనిచేసి నల్ల రంగు పడుతుంది. తల్లి కడుపులో అంతా ఒకటే వేడి, అందుకే పుట్టినప్పుడు మొత్తం తెల్లగా పుడతాయి. మా దానికి డిసెంబర్‌లో జుట్టు గీసేసరికి కప్పు పోయింది, ఆ చోట చర్మం చల్లబడింది, మొలిచిన జుట్టుకి రంగు పడింది. ఈ జుట్టు రాలి కొత్తది వస్తే పోతుంది, మందులేం అక్కర్లేదు అన్నారు. ఫీజు కూడా తీసుకోలేదు. తిట్టినా బాగుండేది.

నిజంగానే ఎండలు ముదిరేసరికి మచ్చ అంచుల నుంచి చెరగడం మొదలైంది, ఆ వానాకాలానికి వెతికితే గానీ కనపడలేదు. అప్పట్నుంచీ నాకు దాని ఒళ్లు చూడటం ఒక పిచ్చి అయిపోయింది.

ఇంకో తమాషా. ఇదే ఈతలో పుట్టిన దీని చెల్లెల్ని మావారు గుంటూరులో మా ఆడపడుచుకి ఇప్పించారు. ఇంగ్లండ్‌లో ఈ జాతి పెంపకం మొదలవడంలోనూ ఇలాంటి కథే ఉంది, బ్యాంకాక్‌లో ఉన్న గౌల్డ్ అనే బ్రిటిష్ దౌత్య అధికారి 1884లో తన తోడబుట్టినామె కోసం ఒక జత తీసుకెళ్లాడు, వాటి పిల్లల్ని మరుసటేడు లండన్‌లో పోటీకి పెట్టారు. మా గుంటూరు పిల్లి ఉండేది పై అంతస్తులో, ఏసీ లేదు, ఏప్రిల్ నుంచి ఇల్లు పెనంలా ఉంటుంది. మిరియం నాతోపాటు రాత్రంతా 23 డిగ్రీల ఏసీలో, నాది అమెరికా షిఫ్టు కాబట్టి. కిందటి దసరాకి రెండింటినీ పక్కపక్కన కూర్చోబెడితే ఒక తల్లి పిల్లలంటే ఎవరూ నమ్మలేదు. అది ఇంకా పాలకోవా రంగు, మాది వీపు మీద చామనఛాయ దిగిపోయింది. మావారు కరెంటు బిల్లు చూపించి ఈ రంగుకి ఇంతయింది అంటుంటారు.

అయితే ఒకటి, మొదట్లో నేను ఈ రంగు గురించి చాలా గొప్పగా చెప్పేదాన్ని, చుట్టాల వాట్సాప్ గ్రూపులో వారానికో ఫొటో పెట్టేదాన్ని. వయసు పెరిగేకొద్దీ ఎలాగూ ముదురుతాయంట, ఏసీ ఉన్నా లేకపోయినా. అంటే ఫొటోలో చూసిన మీగడ రంగు పిల్లి కావాలని డబ్బులు పెడితే నాలుగేళ్ల తర్వాత అది మీ ఇంట్లో ఉండదు. నాకిది నచ్చింది, అందరికీ నచ్చాలని లేదు.

అలాగే "కుక్కలా వెంట తిరుగుతుంది" అని కూడా పొగిడాను. తిరుగుతుంది. బాత్రూమ్ తలుపు దాకా తిరుగుతుంది, గడియ పెడితే బయట కూర్చుని పంచాయితీ పెడుతుంది. ఆఫీస్ కాల్స్‌లో నా మేనేజర్ రెండుసార్లు ముందు బిడ్డ సంగతి చూసుకోండి అన్నాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల ప్రదర్శన పెడితే వీటిని చూసి ఎవరో పీడకల లాంటి పిల్లి అని రాశారంట, అది రూపం చూసి అన్నమాట, తెల్లవారుజామున మూడింటికి ఈ గొంతు విని ఉంటే ఇంకేం రాసేవారో. ఒక సంక్రాంతికి రేపల్లె వెళ్తూ మూడు రోజులు పక్క ఫ్లాట్ వాళ్లకి తాళాలిచ్చి వెళ్లాం, తిరిగొచ్చేసరికి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, తిండి కూడా సరిగ్గా ముట్టలేదంట. అప్పట్నుంచీ ఇల్లు మొత్తం ఖాళీ చేసి ఎక్కడికీ వెళ్లలేదు మేము, ఎవరో ఒకరు ఉండిపోతాం.

పనిగా చూస్తే తక్కువే. పొట్టి జుట్టు, వారానికోసారి రబ్బరు బ్రష్ చాలు, పర్షియన్ పిల్లులకి పట్టే చిక్కులూ ఉండలూ లేవు. రాలదు అని మాత్రం ఇప్పుడు అనను, మావారి నల్ల ప్యాంట్లు సాక్ష్యం. అత్తయ్య పెరుగన్నంతో అలవాటు చేస్తానని మూడు రోజులు పంతం పట్టింది, కుదరదు, మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం లేకపోతే పిల్లులకి కళ్లూ గుండే పాడవుతాయి. జ్వరమొచ్చిందని మన పారాసెటమాల్ ముక్క మాత్రం పొరపాటున కూడా వేయకండి, పిల్లికి అది విషం.

మరి తీసుకోవచ్చా అంటే, మా ఇంట్లో అత్తయ్య ఎప్పుడూ ఉంటుంది, నేను రాత్రంతా మేలుకునే ఉంటా, దానికి మనిషి కరువు లేదు, కాబట్టి మాకు సరిపోయింది. పొద్దున తొమ్మిదికి ఇద్దరూ తాళం వేసి వెళ్లే ఇల్లయితే నేను తీసుకోమని చెప్పలేను, లేదంటే జతగా తీసుకోవాలేమో, మా ఆడపడుచు వాళ్లింట్లో ఇంకో పిల్లి ఉంది, అక్కడ అరుపులు తక్కువే.

పోయిన వారం రక్త పరీక్షకని మెడ కింద కాస్త గీశారు. నల్లగానే మొలుస్తుందని మా వాడు, ఈసారి చలి వెళ్లిపోయింది కాబట్టి తెల్లగానే వస్తుందని అత్తయ్య, వంద రూపాయలు పందెం. వాడు రాత్రుళ్లు నా గదిలోకొచ్చి ఏసీ 20కి తిప్పి పోతున్నాడు.