తోలు వాసన, వయొలిన్ పెట్టె: ఏ సెంటు మేలు?

మొన్న మా బావ ఫోన్ చేశాడు. చెప్పులు కుట్టే పనినీ శాస్త్రీయ సంగీతాన్నీ కలిపి విదేశాల్లో ఎవరో సెంటు చేశారట, తెప్పిద్దామా అని. వాసన చూడకుండా సెంటు కొనడమంటే పిల్లని చూడకుండా ముహూర్తం పెట్టుకోవడమే బావా అన్నాను. కానీ ఆ ఊహ నచ్చింది. విజయనగరంలో పెరిగినవాడికి తోలూ సంగీతమూ అంత దూరం కాదు. 1919లో పెట్టిన సంగీత కళాశాల గురించీ, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారి గురించీ, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ గురించీ గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ వయొలిన్ పక్కన మోగిన మృదంగానికి తోలు బిగించిన చేతుల సంగతి ఎవరూ ఎత్తరు.

బావ చెప్పినదాన్ని నేను చూడలేదు. ఆ దారిలోవి మూడు మాత్రం వాడాను.

ఒక సంగతి ముందే చెప్పాలి, సెంటులో తోలు ఉండదు. బర్చ్ అని చల్లని దేశాల చెట్టు, మన భూర్జపత్రాల చెట్టు జాతే, దాని బెరడు కాల్చి తీసిన తారుతోనో, ల్యాబులో చేసిన రసాయనాలతోనో ఆ వాసన పుట్టిస్తారు. రష్యాలో బూట్ల తోలుకి నీళ్లు పట్టకుండా ఈ తారు నూనె పట్టించేవారు, అందుకే వాళ్లకి తోలంటే పొగ వాసన. మన దగ్గర తోళ్లు పదును చేసింది తంగేడు చెక్కతో, కరక్కాయతో. మన చెప్పుల వాసనలో ఆ వగరే ఉంటుంది, పొగ ఉండదు. ఇది తెలియకుండా కొంటే "ఇదేం తోలు, కాలిన కట్టెలా ఉందే" అనుకుంటారు.

ఫ్రాన్సు కంపెనీ షనెల్ వాళ్ల క్యూర్ ద రూసీ, అంటే రష్యా తోలు, 1920ల నాటిది. వాళ్ల పేరుమోసిన సెంటు నంబర్ 5 చేసిన ఎర్నెస్ట్ బో ఇదీ చేశాడు. మొదట సబ్బు నురగలా, తర్వాత మల్లెజాతి పూలు, ఆ అడుగున పొగ తోలు మెల్లగా వస్తుంది. నాకైతే పాత వయొలిన్ పెట్టె తెరిచినట్టు ఉంటుంది, ఆ లోపలి మఖమల్ గుడ్డ, కమానుకి రాసే గుగ్గిలం ముక్క, అన్నీ కలిసి. ఖరీదు మాత్రం గుండె పట్టుకునేదే.

రెండోది అమెరికా కంపెనీ టామ్ ఫోర్డ్ వాళ్ల టస్కన్ లెదర్, 2007లో వచ్చింది. రాస్ప్‌బెర్రీ పండు, కుంకుమపువ్వు, వాటి మీద కొత్త తోలు. ఏసీ గదిలో బాగుంటుంది. మే నెల పెళ్లికి నాలుగు సార్లు కొట్టుకుని వెళ్తే మా మావయ్య దగ్గరకొచ్చి "ఏటిరా ఈ వాసన, కొత్త బూట్లు నెత్తినెట్టుకొచ్చినావేటి?" అన్నాడు. అంతే, మళ్లీ పగటిపూట ముట్టలేదు. మన ఉక్కపోతలో ఏ తోలు సెంటైనా రెట్టింపు మోగుతుంది.

మూడోది ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ ఊరి మట్టి అత్తరు. కాల్చిన మట్టిని రాగి డేగిశాలో ఉడికించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి పట్టిస్తారు. తొలకరి వాసన. దీనికీ తోలుకీ ఏం సంబంధం అంటారేమో, పాతరోజుల్లో దీన్ని తోలు బుడ్డిలోనే ఉంచేవారు, నూనెలో మిగిలిన తడి ఆ తోలులోంచి ఆరిపోవడానికి. ఆల్కహాల్ లేదు, ఒంటికి అంటుకుని ఉంటుంది, పక్కవాళ్లని బెదిరించదు. తెల్ల పంచె మీద పడితే మరక పోదు, అదొక్కటీ చూసుకోవాలి.

నన్నడిగితే కచేరీకి మట్టి అత్తరు, డిసెంబరు, జనవరి సాయంత్రాలకి క్యూర్ ద రూసీ, అదీ పెద్ద సీసా వద్దు, 5 మిల్లీలీటర్లు విడిగా కొనుక్కుంటే రెండు చలికాలాలు వస్తుంది. టస్కన్ లెదర్ ఎవరైనా బహుమతిగా ఇస్తే తీసుకోండి.

బావ చెప్పినదానికి మాత్రం ముందు శాంపిల్ తెప్పించమన్నాను. కాగితం మీద కాదు, చేతి మీద ఒక్కసారి కొట్టి, తొలి పావుగంట ఏ మాటా అనకుండా, మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్లీ వాసన చూడమన్నాను. అప్పటికీ తోలు మిగిలి ఉంటే ఫోన్ చేస్తానన్నాడు.