అబిడ్స్‌లో పాత నాణేల కొట్టు, నేను కొన్న 1826 హాఫ్ డాలర్

అమెరికా తొలినాటి వెండి నాణేలు మంచి కండిషన్‌లో హైదరాబాద్‌లో దొరుకుతాయా అని అడిగేవాళ్ల కోసం రాస్తున్నా. తక్కువే గానీ దొరుకుతాయి. నేను కొన్నది అబిడ్స్‌లో, జీపీఓ దగ్గరి సందులో, మెట్లెక్కి పైకి వెళ్లాల్సిన ఒక చిన్న కొట్టులో. బోర్డు సరిగ్గా కనపడదు, కింద జిరాక్స్ షాపే గుర్తు.

ఇంతకుముందు ఒకసారి గట్టిగా మోసపోయాను. 1795 డాలర్ అని ఆన్‌లైన్‌లో కొంటే, ఫోటోలో అదిరిపోయింది, తీరా మా వీధి కంసాలి కాటా మీద పెడితే 20 గ్రాములు కూడా తూగలేదు. అసలుదైతే దాదాపు 27 గ్రాములుండాలి. అమ్మినవాడు మళ్లీ ఫోనెత్తలేదు. చేత్తో పట్టుకుని చూడకుండా ఇక కొనకూడదని అప్పుడే అనుకున్నా.

ఈ కొట్టు పెద్దాయన రెండు హాఫ్ డాలర్లు ముందు పెట్టాడు. ఒకటి తళతళలాడుతోంది, రెండోది బూడిద రంగులో, అంచుల్లో కాస్త నీలంగా ఉంది. నా చెయ్యి మెరిసేదాని మీదికే పోయింది. "అది వద్దు సార్, ఎవరో తోమేశారు" అని భూతద్దం ఇచ్చి, లైటు కింద మెల్లగా తిప్పి చూడమన్నాడు. పండక్కి వెండి కుందులు విభూతితో తోమితే పడతాయే, వెంట్రుకల్లాంటి గీతలు, అవే, అన్నీ ఒకే వాటంగా, నాణెం మీది లిబర్టీ అనే ఆడ బొమ్మ బుగ్గ మీంచి నక్షత్రాల దాకా. ఇలా తోమినవాటికి పీసీజీఎస్, ఎన్‌జీసీ (నాణేలు పరీక్షించి గ్రేడ్ వేసే అమెరికా కంపెనీలు) వాళ్లు మామూలుగా నంబర్ గ్రేడ్ ఇవ్వరు, 'డీటెయిల్స్' అని రాసి పంపుతారు, రేటు బాగా పడిపోతుంది. చెప్పకుండా అమ్మేసి ఉంటే నేను కొనేసేవాణ్ణే. ఆ ఒక్క మాటకే ఆయనకి ఐదు స్టార్లు.

బూడిద రంగుది 1826ది. తూకం 13.4 గ్రాములు (ఉండాల్సింది 13.48), మన నిజాం కాలం చార్మినార్ రూపాయి కన్నా రెండు గ్రాముల పైనే ఎక్కువ. అంచు మీద గాట్లుండవు, 'ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఎ డాలర్' అని అక్షరాలుంటాయి, తిప్పుతూ మొత్తం చదివాను. గద్ద తల పైన రిబ్బన్‌లో రాత మసగ్గా ఉంటే అరిగిపోయిందేమో అని టెన్షన్ పడ్డా. ఈకలు ఇంత స్పష్టంగా ఉంటే అది అరుగుదల కాదు, అచ్చు సరిగ్గా పడలేదంతే అన్నాడు, నిజమే. 1804 తర్వాత చాలా ఏళ్లు వెండి డాలర్లు ముద్రించలేదు, అందుకని బ్యాంకులు ఈ హాఫ్ డాలర్లనే సంచుల్లో నిల్వ పెట్టుకుని, ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి అలాగే పంపుకునేవి. పైగా 1826లోనే 40 లక్షలకు పైగా కొట్టారు. పెద్దగా అరగనివి ఇప్పటికీ దొరికేది అందుకే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 1794, 95 డాలర్ల జోలికి పోకుండా వీటితో మొదలుపెట్టండి.

21,000 చెప్పాడు, ఎంత బేరమాడినా 500 మాత్రమే తగ్గించాడు. బిల్లు చేత్తో రాసిస్తాడు, వాపసు గురించి అందులో ఒక్క ముక్క ఉండదు, అడిగి రాయించుకోండి. నాకు నచ్చనిది ఇంకొకటి, అంత మంచి నాణేన్ని మెత్తటి పీవీసీ కవర్లో పెట్టిచ్చాడు. అందులో ఎక్కువ రోజులుంటే వెండి మీద పచ్చటి జిగురు పడుతుంది, మన వానాకాలం తేమకి చెప్పనక్కర్లేదు. ఇంటికి రాగానే అట్ట హోల్డర్‌లోకి మార్చేశా.

వెళ్తే మధ్యాహ్నం 2 తర్వాత వెళ్లండి. కిటికీలోంచి వెలుగు అప్పుడే వస్తుంది, ఆ గీతలు ట్యూబ్‌లైటు కింద కన్నా అందులోనే బాగా కనపడతాయి.