లక్క గాజులా, ప్లాస్టిక్ గాజులా?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో రాళ్ల గాజులు రెండు రకాలు దొరుకుతాయి. పైపైన చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి.

లక్క పురుగు చెట్ల కొమ్మల మీద వదిలే జిగురే లక్క. బొగ్గుల కొలిమి మీద దాన్ని మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కో రాయినీ చేత్తో ఒత్తుతారు. రాయి అడుగు లక్కలోకి దిగి బిగుసుకుంటుంది. ఎప్పుడైనా ఊడినా, ఆ చోట కాస్త వేడిచేసి మళ్లీ పొదగొచ్చు. ప్లాస్టిక్ గాజుకు రాళ్లు గమ్‌తో అంటిస్తారు. చెమటకు, నీళ్లకు పట్టు వదిలి రాలిపోతాయి.

రోజూ గిన్నెలు తోమే చేతికి ప్లాస్టికే నయం. పెళ్లికి, పండగకు మాత్రం లక్కవే కొనండి. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన పనితనం ఇది, కొనేవాళ్లుంటేనే కొలిమి వెలుగుతుంది.

జాగ్రత్తలు తప్పవు. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే లక్క మెత్తబడి వంకర పోతుంది. స్పిరిట్‌కు కరుగుతుంది గనుక సెంటు, శానిటైజర్ పూర్తిగా ఆరాకే తొడుక్కోవాలి. గాజు సాగదు, సైజు సరిచూడండి: 2-4 అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, సుమారు 57 మిల్లీమీటర్లు; 2-6 అయితే 60.